రెండో సంతకం

దయ్యాల ప్రస్తావన వస్తే మా ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు. నేను చదువుకున్న సాంఘిక సంక్షేమ హాస్టల్లో మేడమీద చివరి గదిలో ఎవరో తిరుగుతారని ఆడపిల్లలంతా వణికిపోయేవారు. ఎవరూ అటు రారు కాబట్టి ఇంటర్ రెండేళ్ళూ నేను ఆ గదిలోనే కూర్చుని లెక్కలు చేసుకున్నాను. ఏ దయ్యమూ వచ్చి పలకరించలేదు. ప్రశాంతంగా చదువుకోవడానికి చోటు మాత్రం దొరికింది.

నేను లెక్కల టీచర్ని. రుజువు లేనిదాన్ని నమ్మే అలవాటు లేదు, ఇప్పుడు కొత్తగా చేసుకోదలచుకోలేదు కూడా. కానీ 2014లో, న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌కి దక్షిణాన నేను పని చేసిన స్కూల్లో ఒకటి జరిగింది. నేనొక్కదాన్నే చూసి ఉంటే కళ్ళజోడు నంబరు మారిందనుకుని ఊరుకునేదాన్ని. ముగ్గురం చూశాం. అసలు అలాంటి పరిస్థితి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. ఆ సంగతి తలచుకుంటే నాకు భయం వేయదు. ఒళ్ళు మండుతుంది.

మాది కరీంనగర్ జిల్లా. వరంగల్‌లో ఎమ్మెస్సీ చేసి, స్టూడెంట్ వీసా మీద ఆక్లాండ్ వచ్చి, టీచర్ ట్రెయినింగ్ పూర్తి చేశాను. మా ఆయన శ్రీనివాస్ మనురేవాలో ఒక సూపర్‌మార్కెట్‌లో పని చేసేవాడు. మా ఫ్లాట్ నుంచి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే మా స్కూలు వచ్చేది. ఇక్కడ హైస్కూల్‌ని కూడా కాలేజీ అంటారు. అది ఈ దేశపు మూలవాసులైన మావోరీల ఆడపిల్లల కోసం వందేళ్ళకు ముందే చర్చి వాళ్ళు పెట్టిన కాలేజీ. పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకుంటారు. పొద్దున ప్రార్థన, పాట, తర్వాతే క్లాసులు. ఒకప్పుడు అక్కడ కుట్టుపని, వంట, బట్టలుతకడం నేర్పించేవారట. ఈ పిల్లలకు లెక్కలు అంతగా అక్కర్లేదని అప్పటి పెద్దలు తీర్మానించుకున్నారట.

అక్కడ టీచర్ని మేడమ్ అని పిలవరు. ఫాయ్యా అంటారు. అమ్మ, పిన్ని, అత్త అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. చేరిన మొదటివారం ఒక పిల్ల కారిడార్ చివర నుంచి "ఫాయ్యా సుజాతా" అని కేకేస్తే, ఎవరో మా ఊళ్ళో పిలిచినట్టయి వెనక్కి తిరిగాను.

మెరియానా ఆ ఏడాది ఇయర్ థర్టీన్‌లో ఉంది. అంటే మన ఇంటర్ రెండో సంవత్సరం. తూర్పు తీరంలో చిన్న ఊరు. అమ్మమ్మ పెంచింది. వాళ్ళ ఊరి రోడ్డు సముద్రపు పాయ పక్కనుంచి పోతుంది. పెద్ద పోటు వచ్చిన రోజు నీళ్ళు రోడ్డెక్కేవి, స్కూలు వ్యాన్ ఆగిపోయేది. ఏ రోజు మునుగుతుందో అమ్మమ్మ చంద్రుణ్ణి చూసి చెప్పేదట. దాన్ని లెక్కల్లో చెప్పలేమా అని మెరియానాకి అనిపించింది. ఒక కర్రకి పెయింటుతో గీతలు గీసి, పాయలో పాతి, సెలవులన్నాళ్ళూ నీటిమట్టం రాసుకుంది. ఆ అంకెల నుంచి అలల సమీకరణాలు కట్టి, వచ్చే నెలలో రోడ్డు ఏ రోజు, ఏ గంటకు మునుగుతుందో ముందే చెప్పింది. అలాగే మునిగింది.

నేను చేసిన సాయం ఒకటే. "సమీకరణంలో రెండో అలని ఎందుకు కలిపావు?" అని అడిగాను. బోర్డు దగ్గర నిలబడి అరగంట చెప్పింది. ఆ అరగంటలో నేను కూడా కొంత నేర్చుకున్నాను.

ఆ పనిని ఒక ట్రస్టుకి పంపించాం. ఇంజనీరింగ్ చదవాలనుకునే అమ్మాయిలకు యూనివర్సిటీ ఫీజు మొత్తం కట్టే ట్రస్టు అది, ఆఫీసు వెల్లింగ్టన్‌లో. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. ఇటువంటి నేపథ్యం ఉన్న స్కూల్లో సాధారణంగా కనిపించే స్థాయితో పోలిస్తే ఈ పని కొన్ని ప్రశ్నలు లేవనెత్తుతోందట. లెక్కల్లో మాస్టర్స్ చేసిన టీచర్ అందించిన సాయం హద్దు దాటిందేమోనని సందేహమట. కాబట్టి తమ మనిషి ఒకాయన సీలు వేసిన ప్రశ్నపత్రంతో వస్తాడు, అమ్మాయి ఆయన ఎదుట మూడు గంటలు పరీక్ష రాయాలి.

ఇటువంటి నేపథ్యం! ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. ఇంటర్‌లో ఒకసారి క్వార్టర్లీ పరీక్షలో నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. లెక్చరర్ పేపరు పైకెత్తి పట్టుకుని, "ఇది నీకెవరు చెప్పారు?" అని అడిగాడు. క్లాసందరి ముందు బోర్డు మీద అదే లెక్క మళ్ళీ చేయించాడు. చేశాను. "బట్టీ కొట్టినట్టుంది" అని పేపరు నా మీదికి విసిరాడు. కులం పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, నేను ఏ హాస్టల్ నుంచి వస్తానో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం శ్రీనివాస్‌కి ఉత్తరం చూపించాను.

"లైట్ తీస్కో. పిల్ల పరీక్ష రాస్తది, పాసైతది, అయిపాయె" అన్నాడు.

"రాస్తది. ఎందుకు రాయాలె?" అన్నాను.

ఆయన ఉత్తరం మళ్ళీ ఒకసారి చదివాడు.

స్కూల్లో నా కోపం పూర్తిగా అర్థమైంది లొరెట్టాకి. ఆమె అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. ఇక్కడి అబ్బాయిని పెళ్ళి చేసుకుని వచ్చి మా స్కూల్లో ఇంగ్లిష్ చెప్పేది, హాస్టల్ బాధ్యత కూడా ఆమెదే. అమెరికా దక్షిణాన, నల్లజాతి ఆడపిల్లల కోసమే బానిసత్వం పోయిన కొత్తలో పెట్టిన ఒక కాలేజీలో ఆమె డిగ్రీ చదివింది. ఆ కాలేజీ కబుర్లు స్టాఫ్ రూమ్‌లో ఎన్ని చెప్పేదో. చేరిన రోజున అందరూ తెల్లబట్టలు కట్టుకుని వరసగా నడవడం, అర్ధరాత్రి దాకా లైబ్రరీలో బల్ల కోసం పోట్లాడుకోవడం, కెమిస్ట్రీ ప్రొఫెసరమ్మ ఒకే రిపోర్టుని మూడుసార్లు తిప్పికొట్టడం.

లొరెట్టా ఉత్తరం చదివి మడిచి బల్లమీద పెట్టింది.

"మా కాలేజీలో నాలుగేళ్ళూ ఎవరూ నన్ను 'ఇది నువ్వే రాశావా' అని అడగలేదు సుజాతా. 'మళ్ళీ రాయి' అనేవాళ్ళు. ఈ రెండిటికీ తేడా నాకు అప్పట్లో తెలియలేదు. ఎమ్మేకి వేరే యూనివర్సిటీకి వెళ్ళాను. మొదటి వారంలోనే తెలిసింది."

"పరీక్షకి ఒప్పుకోవద్దని ప్రిన్సిపాల్‌తో చెబుదామా?"

"ఒప్పుకోకపోతే నేరం ఒప్పుకున్నట్టు రాసుకుంటారు."

అదీ నిజమే. మెరియానాని పిలిచి చెప్పాం. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. "సరే ఫాయ్యా, రాస్తాను" అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర చూస్తే కంచం అలాగే ఉంది.

ట్రస్టు నిబంధన ప్రకారం పరీక్ష గదిలో వాళ్ళ మనిషితో పాటు స్కూలు తరఫున ఒకరు కూర్చోవాలి. లెక్కల టీచర్ మాత్రం కాకూడదు, అంటే నేను కాకూడదు. లొరెట్టా కూర్చుంటానంది.

సెప్టెంబరులో ఒక గురువారం. పొద్దున పదింటికి మొదలు, ఒంటిగంటకు ముగింపు. మేడమీద పాత లైబ్రరీ గది. ఆ గదికి ఒక్కటే తలుపు, దానికి చదరంగా చిన్న అద్దం ఉంటుంది. అవతల గోడకి పైకీ కిందికీ జరిపే కిటికీలు మూడు. మధ్య కిటికీ నేను చేరినప్పటి నుంచీ జానెడు తెరుచుకుని బిగిసిపోయి ఉంది. కేర్‌టేకర్ ఒకసారి సుత్తితో కొట్టినా కదల్లేదు. చలికాలంలో ఆ సందులో అట్టముక్క పెట్టేవాళ్ళం, అది ఇంకా తీయలేదు.

నాకు అంతసేపూ వేరేచోట ఉండటం చేతకాలేదు. ఆ మూడు గంటలు నా క్లాసుల్ని వేరేవాళ్ళకి అప్పజెప్పి, తలుపు ఎదురుగా కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాను. నేను వెళ్ళేసరికే తలుపు వేసి ఉంది. అద్దంలోంచి చూశాను. మెరియానా రాస్తోంది. ట్రస్టు మనిషి గ్రాహమ్, అరవై దగ్గరున్నాయన, టేబుల్ దగ్గర ఏదో చదువుకుంటున్నాడు. మధ్య కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

లొరెట్టా కాదు. మావోరీ ఆవిడ, డెబ్బై ఉంటాయేమో. ముదురాకుపచ్చ కార్డిగన్, నెరిసిన జుట్టు ముడి, ఒళ్ళో రెండు చేతులూ. లొరెట్టాకి ఏదో పని తగిలి, బదులుగా ఎవరినో పంపిందనుకున్నాను. మా స్కూల్లో పిల్లల అమ్మమ్మలూ నానమ్మలూ వచ్చిపోతూనే ఉంటారు, వంటింట్లో సాయం చేస్తారు, పాటలు నేర్పుతారు. నాకేమీ వింత అనిపించలేదు. పైగా, మన మనిషి ఒకరు లోపల ఉన్నారని కొంచెం ధైర్యంగా అనిపించింది.

పదకొండున్నర ప్రాంతంలో గాలి పెరిగింది. అద్దంలోంచి మళ్ళీ చూసేసరికి మెరియానా కాగితాల మీద మోచెయ్యి అదిమిపెట్టి రాస్తోంది. ఆ పెద్దావిడ లేచి, అట్టముక్క తీసి, కిటికీని ఒక చేత్తో కిందికి లాగింది. అది దిగింది. ఆవిడ మెరియానా బల్ల దాకా నడిచి, పక్కగా వెళ్తూ ఒక క్షణం ఆగి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ఆ కిటికీ బిగిసిపోయినదన్న సంగతి నాకు ఆ నిమిషంలో తట్టనే లేదు. పిల్ల రాయగలుగుతోందా లేదా అన్నదే నా ధ్యాస.

ఒంటిగంటకు గ్రాహమ్ కవరు పట్టుకుని బయటికొచ్చాడు. నాకు తల ఊపి మెట్లు దిగాడు. తర్వాత మెరియానా వచ్చింది. "అయిపోయింది ఫాయ్యా" అని నా భుజం మీద తల పెట్టింది. అప్పుడు ఏడ్చింది. కాసేపటికి ఆ పెద్దావిడకి థాంక్స్ చెబుదామని లోపలికి వెళ్ళాను. గది ఖాళీ. కిటికీ పూర్తిగా మూసి ఉంది. అట్టముక్కని నాలుగు మడతలు పెట్టి కిటికీ గట్టు మీద ఉంచారు.

మెరియానాని పట్టుకుని ఉన్నప్పుడు నా వెనకనుంచి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. ఈ ఒక్క చోట నేను ప్రమాణం చేయలేను. నేను తలుపుకి ఎదురుగానే ఉన్నాను, కానీ కళ్ళు మూసుకున్నానేమో.

రెండింటికి లొరెట్టా పరిగెత్తుకుంటూ వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు జిమ్‌లో ఒక పిల్ల పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే క్లినిక్‌కి తీసుకెళ్ళిందట. తొందరలో ఫోన్ స్టాఫ్ రూమ్‌లోనే వదిలేసింది.

"క్షమించు సుజాతా. పరీక్ష ఆగిపోయిందా? ఎవరు కూర్చున్నారు?"

"నువ్వు పంపించావుగా, ఆకుపచ్చ కార్డిగన్ ఆవిడ."

"నేనెవరినీ పంపలేదు."

ఇద్దరం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మావోరీ మనిషి, అదే స్కూల్లో చదువుకుని పైకొచ్చింది. ఆవిడా ఎవరినీ పంపలేదు. ఆ రోజు వంటింట్లో గానీ హాస్టల్లో గానీ బయటివాళ్ళెవరూ లేరు. ఆఫీసులో సంతకం పెట్టకుండా లోపలికి వచ్చే వీల్లేదు. విజిటర్ల పుస్తకంలో ఆ రోజున్న పేరు గ్రాహమ్‌ది ఒక్కటే.

మెరియానాని మెల్లగా అడిగాం, భయపెట్టకుండా. "కిటికీ మూసిన ఫాయ్యానా? ఆయనతో వచ్చారనుకున్నాను. నా పక్కనుంచి వెళ్తూ 'ఆత హైరె' అన్నారు" అంది. నిదానంగా వెళ్ళు అని దానర్థం. ఆ పిల్ల మూడో ప్రశ్నలో గుర్తు తప్పు వేసి కంగారుపడుతున్న సమయంలో ఆ మాట వినబడిందట. ఆగి, వెనక్కి వెళ్ళి, సరిచేసుకుందట.

కేర్‌టేకర్ వచ్చి కిటికీని తెరవబోయాడు. కదల్లేదు. తెరుచుకుని బిగిసిపోయినది ఇప్పుడు మూసుకుని బిగిసిపోయింది.

అప్పటికీ నాకు దయ్యం ఆలోచన రాలేదు. నా తలలో తిరుగుతున్నది వేరు. గదిలో స్కూలు తరఫు మనిషి లేకపోతే పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లకపోతే ఆ పిల్లని మళ్ళీ రాయమంటారు. లేదా మోసం అని తేల్చేస్తారు. ముగ్గురం ప్రిన్సిపాల్ గదిలో చాలాసేపు కూర్చున్నాం.

"చెప్పకపోతే అబద్ధం అవుతుంది" అన్నాను.

"ఎవరో కూర్చున్నారు. మీరు చూశారు, పిల్ల చూసింది, ఆయన చూశాడు. ఇందులో అబద్ధం ఏది?" అంది ప్రిన్సిపాల్.

ఏదీ తేలకుండానే లేచాం.

సోమవారం గ్రాహమ్ ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను. పేపరు దిద్దారట, ఒకటిన్నర మార్కు తప్ప అన్నీ వచ్చాయట. ఫైల్లో పెట్టడానికి స్కూలు తరఫు మనిషి పేరు కావాలట. ఫారం మీద రెండో సంతకం ఉంది గానీ చదవలేకపోతున్నాడట, పాతకాలపు కలిపిరాత. హోదా అన్న గడిలో మాత్రం 'టీచర్' అని స్పష్టంగా ఉందట.

ఇరవై ఏళ్ళ కింద బోర్డు ముందు నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

"ఆవిడెవరో మాకు తెలియదు. మా స్టాఫ్ కాదు. మేమెవరమూ పంపలేదు" అన్నాను.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఆవిడ నాతో మాట్లాడారు. పరీక్ష మొదలుపెట్టే ముందు" అన్నాడు చివరికి.

"ఏమన్నారు?"

"వేరే స్కూలైతే వచ్చేవాడివా, అని అడిగారు."

"మీరేం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇలా కవరు పట్టుకుని వెళ్ళడం ఇదే మొదటిసారి. ఆవిడ టీచర్ అని రాశారు. నేనూ అదే రాస్తాను."

అలాగే రాశాడు. నెల తిరక్కుండా ట్రస్టు నుంచి రెండో ఉత్తరం వచ్చింది. స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఇద్దరు పర్యవేక్షకుల సంతకాలూ ఉన్నాయి కాబట్టి సందేహానికి తావు లేదని, తమ పద్ధతి ఎంత న్యాయంగా ఉందో దీంతో రుజువైందని రాశారు. క్షమాపణ ఒక్క ముక్క లేదు. టీచర్‌గా నా మాటకి విలువ లేదు, పిల్ల చేసిన పనికి విలువ లేదు, ఎవరో తెలియని మనిషి పెట్టిన, ఎవరూ చదవలేని సంతకానికి మాత్రం విలువ ఉంది. ఆ ఉత్తరం చదివి నేను నవ్వాను. లొరెట్టా నవ్వలేదు.

నేనూ లొరెట్టా రెండు శనివారాలు ప్రిన్సిపాల్ బీరువాలోని పాత గ్రూప్ ఫోటోలన్నీ తిరగేశాం. టీచర్లు, వార్డెన్లు, వంటవాళ్ళు, పాత విద్యార్థినులు. ఒక్క ముఖం కలిసినా, అది ఆవిడేనని తేల్చుకుని నిద్రపోయేదాన్ని. కలవలేదు. ఆవిడ ఏ ఫోటోలోనూ లేదు. ఆ స్కూలు రికార్డుల్లో చాలాకాలం మావోరీ టీచరమ్మలు కనబడరని ప్రిన్సిపాల్ చెప్పింది. పాఠాలు చెప్పినవాళ్ళని కూడా సహాయకులని రాసేవారట, ఫోటోలకి పిలిచేవారు కాదట. అది విన్నాక నాకు వెతకాలనిపించలేదు. ఆవిడ వాళ్ళలో ఒకరేనని నేను చెప్పడం లేదు. నాకు తెలియదు.

ప్రిన్సిపాల్ మాత్రం కంగారు పడలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దల్ని పిలిపించి ఆ గదిలో ప్రార్థన చేయించింది. తర్వాత అందరం కిందికి వచ్చి టీ తాగి బిస్కెట్లు తిన్నాం. "పని ఉండి వచ్చారు, చూసుకుని వెళ్ళారు. మర్యాదగా సాగనంపాం" అంది. అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మెరియానా ఇంజనీరింగ్ పూర్తి చేసి ఆక్లాండ్ సిటీలోనే ఉద్యోగంలో చేరింది. 2019లో ఒక మధ్యాహ్నం వాళ్ళ ఆఫీసు కింద కాఫీ తాగుతూ, ఇన్నేళ్ళూ అడగాలనుకున్నది అడిగాను. ఆవిడెవరై ఉంటారని నువ్వు అనుకుంటున్నావు, అని.

కప్పు కింద పెట్టింది. చిన్నప్పటి నెమ్మదే, కానీ గొంతు గట్టిగా ఉంది.

"ఫాయ్యా, ఈ కథ విన్నవాళ్ళంతా నన్ను అదే అడుగుతారు. ఆవిడెవరు, ఎలా ఉంది, చల్లగాలి వచ్చిందా అని. అప్పటికే ఒకసారి చేసి చూపించినదాన్ని నాతో మళ్ళీ ఎందుకు చేయించారని ఒక్కరూ అడగరు. నాకు అర్థం కానిది అది."

మిగిలిన కాఫీ తాగేశాం. తర్వాత తనకి మీటింగ్ ఉందని లేచి, నన్ను గట్టిగా కావలించుకుని, లిఫ్ట్ వైపు వెళ్ళిపోయింది.